రాత్రి తొమ్మిది దాటాక వీణ వినడానికి ఎన్ని వాట్లు కావాలి?

మండువా_మాస్టారు
అమలాపురానికి కాస్త దూరంలో మా ఊరు. పాత మండువా ఇల్లు. రిటైరయ్యాక మిగిలిన సరదా ఒక్కటే, భోజనాలయ్యాక ఓ గంట సంగీతం. ఎక్కువగా ఈమని శంకరశాస్త్రి గారి వీణ, బాలమురళి గారి పాట. ఒకరు ద్రాక్షారామంలో పుట్టారు, ఒకరు శంకరగుప్తంలో. మనవాళ్లే అన్న పక్షపాతం నాకు కాస్త ఉంది లెండి.

పక్క గదిలో మనవరాలు పడుకుంటుంది కాబట్టి సౌండ్ పెంచే ప్రశ్నే లేదు. ఇప్పుడున్న పాత సెట్టు మెల్లగా పెడితే మృదంగం మాయమైపోతుంది, తంబురా ఒక్క చెవిలోనే మోగుతుంది. కొత్తది కొందామని ₹40 వేలు పక్కన పెట్టాను. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయేమో "వంద వాట్ల ఆంప్ (యాంప్లిఫైయర్) కొను నాన్నా, పవర్ ఉంటేనే చిన్న సౌండ్‌లో క్లారిటీ" అంటాడు. మా ఊరి మైకు సెట్టు కుర్రాడేమో "ఇంట్లోకి ఇరవై చాలండి" అంటాడు. ఎవరి మాట వినను?

కొలతకర్ర
మైకు సెట్టు కుర్రాడి మాట వినండి మాస్టారూ. లెక్క చెప్తాను.

స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెళ్లు అని రాశారంటే, ఒక్క వాట్ ఇస్తే మీటర్ దూరంలో 87 వస్తుందని అర్థం. మీరు రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే ఆరు తగ్గి 81. స్పీకర్లు రెండు కాబట్టి మూడు కలిపి 84. మనవరాలు లేవకుండా వినాలంటే సగటున 64 చాలు. అంటే 20 డెసిబెళ్లు తక్కువ, అంటే వాట్‌లో వందో వంతు. పది మిల్లీవాట్లు! మృదంగం మీద గట్టి దెబ్బ పడి ఒక్కసారిగా 20 డెసిబెళ్లు పైకి లేచినా ఒక్క వాట్. మిగతా 99 వాట్లూ అటక మీద బిందెల్లాంటివి.

వంద_వాట్లు
లెక్క బాగానే ఉంది గానీ కొలతకర్ర గారూ, మీరు కరెంటుని మర్చిపోయారు. వేసవిలో మా వీధిలో వోల్టేజి ఎంతకి పడిపోతుందో మీకు తెలియదేమో. పెద్ద ఆంప్‌లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కెపాసిటర్లు ఉంటాయి కాబట్టి తట్టుకుంటుంది. పైగా కొన్ని స్పీకర్లు కరెంటుకి 8 ఓమ్‌ల అడ్డు అని రాసుకుని మధ్యలో 4 కి దిగిపోతాయి. చౌక చిన్న ఆంప్ అక్కడే తడబడుతుంది. నా దగ్గర వంద వాట్ల ఆంప్ పదేళ్లుగా ఉంది, ఒక్క రోజు ఇబ్బంది పెట్టలేదు.

కొలతకర్ర
తట్టుకోవడం వేరు, అవసరం వేరు అండీ. పది మిల్లీవాట్లు వాడుకునేవాడికి వోల్టేజి బాగా పడినా మామూలుగా సౌండ్ తగ్గదు. అంతగా పడితే ముందు మీ ఫ్రిజ్ సంగతి చూసుకోండి.

సోల్డర్_పొగ
పాలకొల్లులో ముప్పై ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నా. మీరిద్దరూ వాట్ల దగ్గరే కొట్టుకుంటున్నారు. మాస్టారు అసలు జబ్బు తన మొదటి పోస్టులోనే చెప్పారు, ఎవరూ పట్టించుకోలేదు. "తంబురా ఒక్క చెవిలోనే" అన్నారు చూడండి. అది వాల్యూమ్ నాబ్ తెగులు.

నాబ్ కింద ఒకే ఇరుసు మీద రెండు కార్బన్ పట్టీలు ఉంటాయి, ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. నాబ్ సగం దాకా తిప్పితే రెండూ సమానంగానే పోతాయి. అడుగున, అంటే గడియారంలో ఏడూ ఎనిమిదీ మధ్య, రెండింటికీ పొత్తు కుదరదు. ఒక పక్క మోగుతుంది, రెండో పక్క పడుకుంటుంది. సీడీ ప్లేయర్ ఇచ్చేది 2 వోల్టులు. ఆంప్ దాన్ని ఇరవై రెట్లు చేస్తే 40 వోల్టులు, 8 ఓమ్‌ల మీద 200 వాట్లు. కావలసింది పది మిల్లీవాట్లయినప్పుడు నాబ్ ఎక్కడుంటుంది? అడుక్కి అంటుకునే ఉంటుంది. అందుకే పెద్ద ఆంప్ కొంటే మాస్టారికి బాధ పెరుగుతుంది గానీ తగ్గదు.

వంద_వాట్లు
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. ఇరవై రెట్లు అన్నది గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్న లెక్క, వాట్లు కాదు. ఇరవై వాట్ల ఆంప్‌కి కూడా అదే గెయిన్ పెట్టొచ్చు, చాలా వాటికి పెట్టారు కూడా. అప్పుడు దాని నాబ్ కూడా అడుగునే ఉంటుంది.

సోల్డర్_పొగ
అదీ నిజమే. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే మందు చెప్తా, ఏ ఆంప్‌కైనా పనిచేస్తుంది. వచ్చే వైరులో ఒక్కో చానెల్‌కి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వరసలో వేసి, దాని తర్వాత 1 కిలో ఓమ్ గ్రౌండుకి వేయండి. సిగ్నల్ పదకొండో వంతుకి తగ్గుతుంది. నాబ్ సగం దాకా వస్తుంది, రెండు చెవులూ కలుస్తాయి. పది రూపాయల పని. ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో వింటుంటే అదీ అక్కర్లేదు, అందులోనే సౌండ్ తగ్గించుకోవచ్చు.

తొప్పి_రవ్వముద్ద
మృదంగం మాయమవడం గురించి నేను మాట్లాడతాను, నేను వాయించేవాణ్ణి కాబట్టి. కుడి వైపు కరణి (నల్లటి పూత) శబ్దం మెల్లగా పెట్టినా టంగుమని వినిపిస్తుంది. ఎడమ వైపు తొప్పికి రవ్వముద్ద అంటించి మేం రప్పించే ఆ గుమ్మనే నాదం ఉందే, సౌండ్ తగ్గించగానే మొదట పోయేది అదే. తప్పు ఆంప్‌దీ కాదు, స్పీకర్‌దీ కాదు. మన చెవిదే. 1933 లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. సౌండ్ తగ్గేకొద్దీ చెవికి లోతైన స్వరాలు మిగతావాటికంటే త్వరగా వినిపించకుండా పోతాయి. పాత ఆంప్‌ల మీద లౌడ్‌నెస్ అనే బటన్ ఇందుకే పెట్టారు. మాస్టారూ, ఆ బటన్ ఉన్న ఆంప్ చూడండి.

రాగం_మాత్రమే
టోన్ కంట్రోళ్లు, లౌడ్‌నెస్సులు అన్నీ కల్తీ. స్టూడియోలో ఎలా పట్టారో అలాగే వినాలి. బాస్ (లోతైన స్వరాలు) పెంచితే వీణ మంద్ర తీగలు గుడిలో డోలులా మోగుతాయి.

తొప్పి_రవ్వముద్ద
వాళ్లు స్టూడియోలో ఎంత సౌండ్ పెట్టుకుని సరిచూసుకున్నారో అంత సౌండ్ పెట్టి వింటే మీ మాట సరే. ఇక్కడ మనవరాలు పడుకుంది కదండీ.

సోల్డర్_పొగ
ఒక చిక్కుంది. పాత ఆంప్‌లలో లౌడ్‌నెస్ బటన్ నాబ్‌కి కట్టేసి ఉంటుంది. నాబ్ ఎంత కిందుంటే బాస్ అంత పెంచుతుంది. నేను చెప్పిన రెసిస్టర్లు వేస్తే నాబ్ పైకి వస్తుంది, లౌడ్‌నెస్ చెయ్యాల్సిన పని మానేస్తుంది. నా మందూ మీ మందూ ఒకే కడుపులో పడవు. యమహా ఆంప్‌లు కొన్నిటికి లౌడ్‌నెస్‌కి వేరే నాబ్ ఉంటుంది, అక్కడ గొడవ లేదు. లేకపోతే మామూలు బాస్ నాబ్ కాస్త తిప్పుకోవడమే.

తొప్పి_రవ్వముద్ద
ఇది నాకు తట్టలేదు. బాగా చెప్పారు.

చెరువుగట్టు
భీమవరం వైపు మాది. రాత్రంతా రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, వానాకాలం అయితే కప్పలు తోడు. ఇంట్లో ఫ్యాన్ సరేసరి. నా ఫోన్‌లో కొలిస్తే ఫ్యాన్ ఐదులో ఉంటే 50, రెండులో ఉంటే 41 చూపించింది. ఫోన్ మీటర్ని పూర్తిగా నమ్మక్కర్లేదు గానీ తేడా అయితే నిజమే. తంబురా చివరి మెరుపు, వీణ గమకంలో తీగ ఆగిపోయే తోక, ఇవన్నీ ఆ ఫ్యాన్ గాలిలోనే కొట్టుకుపోతున్నాయి. ఏ ఆంప్ పెట్టినా అంతే.

నేను చేసింది ఒక్కటే. స్పీకర్లని గోడ దగ్గర్నుంచి తెచ్చి పడక్కుర్చీకి అటూ ఇటూ మీటర్ దూరంలో స్టూళ్ల మీద పెట్టాను. దూరం సగమైతే ఆరు డెసిబెళ్లు ఊరికే కలిసొస్తాయి. అంటే అంతే సౌండ్ నా చెవికి వస్తూ, పక్క గదికి వెళ్లేది ఆరు తగ్గుతుంది.

వంద_వాట్లు
గోడకి దూరం జరిపితే బాస్ తగ్గుతుంది. మండువా ఇంట్లో అయితే మరీనూ, నడిమధ్య ఆకాశానికి తెరిచే ఉంటుంది కదా, ఉన్న బాస్ కాస్తా అటే పోతుంది.

చెరువుగట్టు
నిజమే. అందుకే సోల్డర్_పొగ గారు చెప్పిన బాస్ నాబ్.

కొలతకర్ర
ఇంకో మాట. సెన్సిటివిటీ తక్కువని స్పీకర్ని వదిలెయ్యకండి. 1970లలో బీబీసీ వాళ్లు ఓబీ వ్యాన్లలో (స్టూడియో బయట ప్రసారానికి వాడే వ్యాన్లు) పెట్టుకోవడానికి చేయించిన ఎల్ఎస్3/5ఏ స్పీకర్ సుమారు 83 డెసిబెళ్లదే. చిన్న పెట్టె. మీటర్ దూరం నుంచి గొంతు వింటే ఇవాళ్టికీ దానికి అభిమానులున్నారు. సెన్సిటివిటీ తక్కువైతే మరో లాభం, ఆంప్‌లోంచి వచ్చే సుయ్‌మనే చప్పుడు కూడా తక్కువ వినిపిస్తుంది. ₹40 వేలలో ముప్పై స్పీకర్లకే పెట్టండి.

సోల్డర్_పొగ
సెకండ్‌హ్యాండ్ అయితే వూఫర్ (బాస్ పలికే పెద్ద కోన్) చుట్టూ ఉన్న అంచు వేలితో నొక్కి చూడండి. ఫోమ్ అయితే మన తేమకి పొడిపొడిగా రాలిపోతుంది, నా షాపులో నెలకి ఒకటైనా వస్తుంది. రబ్బరు అంచు ఉన్నది తీసుకోండి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి టెర్మినళ్లు పచ్చబడతాయి, అవి కూడా చూసుకోండి.

మండువా_మాస్టారు
వారం తర్వాత వస్తున్నాను. ఇంకా ఏమీ కొనలేదు. మైకు సెట్టు కుర్రాడు తన దగ్గరున్న చిన్న ఆంప్, రెండు పెట్టెలు వారం రోజులకి ఇచ్చాడు. వైరులో రెసిస్టర్లు కూడా వాడే వేశాడు, డబ్బులు తీసుకోలేదు. పడక్కుర్చీకి అటూ ఇటూ స్టూళ్లు, ఫ్యాన్ రెండులో. తంబురా రెండు చెవుల్లోకీ వచ్చింది. బాస్ కాస్త తిప్పితే తొప్పి వచ్చింది, ఇంకాస్త తిప్పితే రాగం_మాత్రమే గారన్నట్టు డోలే అయింది, వెనక్కి తిప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "ఇవాళ పెట్టలేదేం?" అని అడిగింది. పాట నడుస్తూనే ఉంది.

మా అబ్బాయి మాత్రం ఫోన్‌లో ఇంకా వంద వాట్ల దగ్గరే ఉన్నాడు.

ఒక్కటే మిగిలింది. నిన్న కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారగానే ఆంప్ గుయ్‌మని మొదలెట్టింది. కరెంటు రాగానే ఆగింది. ఆంప్ పాడైందా?

సోల్డర్_పొగ
పాడవలేదు మాస్టారూ. మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది (కరెంటు అలని నున్నగా కాకుండా చదరంగా ఇచ్చేది) అయ్యుంటుంది, దాని కరెంటుకి ట్రాన్స్‌ఫార్మర్ అలాగే గోల పెడుతుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఉండదు. కానీ అది మీ ₹40 వేలలోకి రాదు, ఆ ఖర్చు మీ అబ్బాయి పద్దులో రాయండి.