మిట్టమధ్యాహ్నం కాంటా ఆపాలా?

పాలమూరు బాటసారి:
వరద ప్రకృతి తెచ్చేదే అయినా వరద నష్టం చాలావరకు మనుషుల చేతల ఫలితమేనని, తర్వాతి కాలంలో చికాగో విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్ర ఆచార్యులైన గిల్బర్ట్ వైట్ 1940లలోనే వాదించారు. ఎండకూ ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం. 2015 మే నెల వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాల వారే. ఎండ అందరి మీదా ఒకేలా కాసినా నీడకు పోలేని కూలీలకే ముప్పు ఎక్కువ. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వడ్ల కొనుగోలు కేంద్రాల్లో పన్నెండు నుంచి నాలుగు వరకు కాంటా, లారీల లోడింగు నిలిపివేయాలి.

ఆయకట్టు రైతు, మిర్యాలగూడ:
ముందు ఏది వడగాలో తేల్చండి. మొన్న మా వాకిట్లో 48 చూపితే వాతావరణ శాఖ 44 అని ప్రకటించింది. ఏ లెక్క చూసి కాంటా ఆపుతారు?

పాలమూరు బాటసారి:
శాఖవారి ఉష్ణమాపకం గాలి ఆడే తెల్లని పెట్టెలో, నీడలో ఉంటుందండీ. మీది కాగిన గోడకు వేలాడుతూ ఉండవచ్చు. అసలు చిక్కు నిర్వచనంలో ఉంది. మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతేనో, 45 తాకితేనో వడగాలి అంటారు. మే నెలలో 40 దాటడమే మామూలైన నల్లగొండలో 44 వచ్చినా అది లెక్కలోకి రాకపోవచ్చు.

ఆయకట్టు రైతు, మిర్యాలగూడ:
మా గోడ నీడలోనే ఉంది.

దేవరకొండ వాసి:
గోడ గొడవ ఆపండి. మా కేంద్రంలో చెట్టు లేదు, నీళ్ల డ్రమ్ము పొద్దున పదింటికే ఖాళీ.

ఆయకట్టు రైతు, మిర్యాలగూడ:
ఫ్యాను కింద కూర్చుని ప్రతిపాదనలు చేయడం తేలిక. రెండేళ్ల కిందట తేమ 17 శాతానికి దిగేదాకా తొమ్మిది రోజులు వడ్లు ఆరబోశాను. తెల్లవారితే కాంటా అనగా అకాల వర్షం పడి, పట్టాల కిందికి నీరు చేరి, అడుగు వడ్లు మొలకెత్తాయి. ఒక్క పూట ఆలస్యం ఎంత పని చేస్తుందో నాకు తెలుసు.

హమాలీ కొడుకు:
మా నాయన ఆ సంచులు మోసేవారు. నిరుడు మేలో మధ్యాహ్నం రెండింటికి లారీ పక్కనే కూలబడ్డారు. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. గుండెపోటని రాశారు. 2025లో రాష్ట్రం వడదెబ్బను విపత్తుగా గుర్తించి సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది గానీ, శవపరీక్ష కాగితం లేదని మమ్మల్ని వెనక్కి పంపారు. మీ మొలకలు కనీసం కంటికి కనబడ్డాయి.

ఆయకట్టు రైతు, మిర్యాలగూడ:
మిమ్మల్ని నొప్పించాలని కాదు బాబూ. డిగ్రీల గొడవలో పడి అసలు మాట అడగలేదు. ఆపిన ఆ నాలుగు గంటల్లో వాన పడితే నష్టం ఎవరు భరిస్తారు?

పాలమూరు బాటసారి:
కొనేవారే భరించాలి.

హమాలీ కొడుకు:
అది తేలినా, సంచి లెక్కన కూలి ఇచ్చినంతకాలం మావాళ్లు ఎండకు ఆగరండీ. ఆ రోజు నీడకు రమ్మని నేనే పిలిచాను. లారీ మూడింటికి వెళ్లిపోతుందట, ఇంకా అరవై సంచులున్నాయన్నారు.