రంగు వేస్తే రెప్పలు వాచాయి, నల్ల హెన్నా వాడొచ్చా?

ప్రశ్న:
మా వారు పదేళ్లుగా తలకీ మీసానికీ ఒకే కంపెనీ రంగు వేస్తున్నారు. ఏనాడూ ఏమీ కాలేదు. పోయిన నెల వేసుకున్న మర్నాడు చెవుల వెనక ఎర్రగా పొక్కి రసి కారింది. ఆ మర్నాడు పొద్దున రెప్పలు వాచి కళ్లే తెరుచుకోలేదు. ప్యాకెట్ పాతదై ఉంటుందంటారాయన. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి. బుట్ట మోయాల్సిన మేనమామ, తెల్ల మీసంతో ఫొటోల్లో పడనంటున్నారు. మా తోడికోడలేమో నల్ల హెన్నా వేయమంటోంది, ఆకే కదా అని.

జవాబు 1:
వేయకండి. నేను తెనాలిలో పార్లర్ నడుపుతాను. ఉత్త గోరింటాకు తెల్ల జుట్టుని ఇటుక రంగుకే తెస్తుంది. అరగంటలో నల్లగా చేసిందంటే పీపీడీ, అంటే పారాఫినైలీన్‌డయమైన్ అనే రంగు రసాయనం, కలిపారనే అనుమానించాలి. మీ వారికి పడనిదీ బహుశా అదే. పేరు డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ముందు ‘అమ్మోనియా లేదు’ అని రాసినంత మాత్రాన పీపీడీ లేనట్టు కాదు. ఏళ్ల తరబడి పడిన రంగు కూడా ఒకరోజు పడకుండా పోతుంది. అలా ఒకసారి అలర్జీ వచ్చాక సాధారణంగా జీవితాంతం ఉంటుంది, మళ్లీ వేస్తే ఇంకా గట్టిగా రావచ్చు.

జవాబు 2:
చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు చూస్తే తెలియదా?

జవాబు 1 రాసినవారే:
అది ఇంతవరకూ ఏమీ కానివాళ్లకండీ. రెప్పలు వాచిన మనిషికి ఇంట్లో ప్రయోగాలొద్దు, చర్మ డాక్టర్ దగ్గరే ప్యాచ్ టెస్ట్ చేయించాలి. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

జవాబు 3:
రంగుతో క్యాన్సర్ వస్తుందంటారు, నిజమేనా?

జవాబు 1 రాసినవారే:
ఆ టెన్షన్ నాకే ఎక్కువ. రోజూ రంగులు కలిపే మా వృత్తిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2010 నివేదికలో ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే 2ఏ వర్గంలో ఉంచింది. ఇంట్లో వేసుకునేవాళ్ల విషయంలో ఆధారాలు చాలవంది. అమెరికాలో లక్షమందికి పైగా నర్సులను 36 ఏళ్లు గమనించి 2020లో ఇచ్చిన ఫలితాల్లో కూడా చాలా రకాల క్యాన్సర్ల ముప్పు పెరగలేదు, కొన్నింటిలో మాత్రం కాస్త తేడా కనిపించింది.

ప్రశ్న అడిగినవారు:
డబ్బా మీద ఆ పేరు ఉంది. సోమవారం డాక్టర్‌కి చూపిస్తున్నాం. మీసమే తీసేస్తానని ఆయన, పెళ్లి ముందు అలాంటి పని చేయొద్దని మా అత్తగారు, ఇంట్లో అదో గొడవ.