టోపోషీటులో లోయనూ స్పర్‌నూ వేరుగా గుర్తించడం ఎలా?

ప్రశ్న:
నేను డిగ్రీ రెండవ సంవత్సరంలో భూగోళశాస్త్రం చదువుతున్నాను. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు టోపోషీటులో (నేల ఎత్తుపల్లాలను చూపే పటంలో) లోయ, స్పర్ (కొండ నుంచి దిగువకు పొడుచుకు వచ్చిన గట్టు) రెండూ నాకు ఒకే రకమైన వంపు రేఖలుగా కనిపిస్తున్నాయి. మొన్నటి ప్రాక్టికల్ పరీక్షలో స్పర్‌ను లోయ అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను. తప్పకుండా పనిచేసే పద్ధతి ఉంటే దయచేసి తెలియజేయగలరు.

మొదటి సమాధానం:
రేఖల ఆకారం జోలికి పోకముందే వాటిపై ఉన్న అంకెలను చదవండి. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. విద్యార్థులు పొరబడేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే. ఈ స్కేలులో సమోన్నత రేఖల (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తులో అంతరం సాధారణంగా 20 మీటర్లు, ప్రతి ఐదవ రేఖ మందంగా ఉంటుంది కనుక రెండు మందపు రేఖల మధ్య తేడా 100 మీటర్లు. వంపు కొన ఎక్కువ ఎత్తు వైపు తిరిగి ఉంటే అది లోయ, తక్కువ ఎత్తు వైపు తిరిగి ఉంటే స్పర్. లోయలో వాగు ఆ కొనల మీదుగానే పారుతుంది కాబట్టి కొనలన్నీ వాగు పుట్టిన దిక్కునే చూపుతాయి.

అప్పటికీ అనుమానం తీరకపోతే కాగితపు పట్టీని రేఖలకు అడ్డంగా పెట్టి, రేఖ తగిలిన ప్రతిచోటా ఎత్తు రాసుకొని, గ్రాఫ్ కాగితంపై అడ్డుకోత (నేలను నిలువునా కోస్తే పక్కనుంచి కనిపించే ఆకారం) గీయండి. నిలువున సెంటీమీటరుకు 100 మీటర్లు తీసుకుంటే ఎత్తులు ఐదు రెట్లు పెరిగి కనిపిస్తాయి. కొండ నిజంగా అంత నిటారుగా ఉందని మాత్రం రాయకండి.

రెండవ సమాధానం:
వాగును ఆధారం చేసుకునేటప్పుడు నీలం రంగు కోసమే వెతకవద్దు. ఏడాది పొడవునా నీరుండే వాటికి నీలం వాడి, వానాకాలంలో మాత్రమే పారే వాగులను నల్లగీతలతో చూపుతారు. చెరువు కట్ట పక్కన అంకెతో పాటు చిన్న ‘ఆర్’ అక్షరం ఉంటే, అది సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు కాదు, పక్క నేల నుంచి కట్ట ఎత్తు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అంకెలు చూశాక నేను లోయ అనుకున్న చోట కొనలు దిగువకు తిరిగి ఉన్నాయని అర్థమైంది. ఆ స్పర్ వాలును ఎలా లెక్కించాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
పటంపై 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. రెండు బిందువుల మధ్య 4 సెంటీమీటర్లు ఉండి, ఎత్తులో తేడా 100 మీటర్లయితే, 2,000 మీటర్లకు 100 మీటర్లు, అంటే వాలు 20కి 1.