యూజెనిక్స్ నాజీలతోనే మొదలైందా?

జీవశాస్త్రం టీచరు:
నిన్న క్లాసులో యూజెనిక్స్ సంగతి, అంటే 'మేలైన' వంశాలవాళ్లే పిల్లల్ని కనాలి, మిగతావాళ్లు కనకూడదన్న వాదం, దాన్ని లేవదీసిన ఇంగ్లిష్ శాస్త్రవేత్త గాల్టన్ పేరు వచ్చాయి. ఒకమ్మాయి లేచి, "మంచి సంతానం కావాలనుకోవడంలో తప్పేముంది మేడమ్? చెడగొట్టింది నాజీలే కదా" అంది. అవునని చెప్పి పాఠం ముందుకు నడిపించేశాను. అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు. వంశం గొడవకీ దేశభక్తికీ ముడి అసలెక్కడ పడింది?

పాతకాగితాలు:
నాజీలకు చాలా ముందే పడిందండీ. గాల్టన్ దానికి యూజెనిక్స్ అని పేరు పెట్టింది 1883లో. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరడానికొచ్చిన పట్టణ పేదలు దేహపరీక్షలో తప్పుతుంటే, బ్రిటన్‌లో 'మన జాతి క్షీణించిపోతోంది' అన్న భయం పట్టుకుంది. 1904లో ప్రభుత్వ కమిటీ కారణం వంశం కాదు, పేదరికమూ తిండీ అని తేల్చింది. అయినా ఆ భయం పోలేదు.

నన్ను ఎక్కువగా వెంటాడేది మాత్రం అమెరికాలోని క్యారీ బక్ కేసు. పెంచుకున్నవాళ్ల బంధువే ఆమెను చెరిచాడు. పదిహేడేళ్లకు గర్భం. ఆ ఇంటివాళ్లు ఆమెకు 'మందబుద్ధి' అని ముద్ర వేయించి, వర్జీనియాలో అలాంటివాళ్లను ఉంచే కాలనీకి పంపేశారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చని 1927లో సుప్రీంకోర్టు 8-1తో తీర్పిచ్చింది. తీర్పు రాసిన జడ్జి హోమ్స్ అమెరికా అంతర్యుద్ధంలో మూడుసార్లు గాయపడ్డ సైనికుడు. మేలైన పౌరులను దేశం ప్రాణాలే అడుగుతున్నప్పుడు, దాని బలాన్ని పీల్చేవాళ్లను ఇంతకన్నా చిన్న త్యాగం అడగలేదా అన్నది ఆయన వాదం. మీరడిగిన ముడి నాకు ఇక్కడే కనిపిస్తుంది. పిల్లల్ని కనడమో మానడమో దేశానికి కట్టాల్సిన బాకీ అయిపోయింది.

క్యారీ కూతురు వివియన్‌ను నెలల పసికందుగా చూసి, ఈ బిడ్డలోనూ ఏదో తేడా ఉందని కోర్టులో సాక్ష్యం చెప్పారు. కానీ ఆ పిల్ల బడిలో మంచి మార్కులతో ఆనర్ రోల్‌కు, అంటే బాగా చదివేవాళ్ల జాబితాకు, ఎక్కింది. ఎనిమిదేళ్లకే జబ్బుచేసి పోయింది.

అమెరికాలో ఇలాంటి చట్టాలకు నమూనా రాసిన లాఫ్లిన్‌కు 1936లో నాజీల ఏలుబడిలో ఉన్న జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. నాజీలు 1933లో తెచ్చిన ఇలాంటి జర్మన్ చట్టం కింద సుమారు 4 లక్షల మందికి ఆపరేషన్లు జరిగాయి.

ఉత్తరపు గాలి:
నాజీలు ఓడిపోయాకైనా ఆగిందా? స్వీడన్‌లో 1970ల దాకా సాగింది, అదీ సంక్షేమ రాజ్యం పేరుతో. జపాన్ చట్టం పుట్టిందే 1948లో, పోయింది 1996లో. అది రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 వచ్చింది. అప్పటికి బాధితులు ముసలివాళ్లయిపోయారు, కొందరు కేసు నడుస్తుండగానే చనిపోయారు.

జీవశాస్త్రం టీచరు:
వివియన్ బడి సంగతి నాకు తెలియనే తెలియదు. రేపు పాఠం అక్కణ్నుంచే మొదలుపెడతాను. దానికన్నా ముందు, నిన్న తప్పు చెప్పానని ఆ అమ్మాయికి చెప్పాలి.