ఫుల్‌ఫుల్డేలో మాట మొదటి హల్లు: మన గసడదవాదేశం లాంటిదేనా?

తిరుచానూరు విద్యార్థి:
పశ్చిమ ఆఫ్రికాలో ఫులానీ జనం మాట్లాడే ఫుల్‌ఫుల్డే భాషలో ఫులానీ మనిషి ఒకరైతే పుల్లొ, ఎక్కువమందైతే ఫుల్బె. ఊరు వురొ, ఊళ్లు గురె. తిరుపతిలో భాషాశాస్త్రం పరీక్షకు చదువుతున్నా. ఇది గసడదవాదేశమేనా? నిఘంటువులో గురెని ఎక్కడ వెతకాలన్నా?

చంద్రగిరి వ్యాకరణం:
పోలిక సగం వరకే తమ్ముడూ. చిన్నయసూరి ద్వంద్వంలో చెప్పిన కూరగాయలు, కాలుసేతులు చూడు. మనకు ముందుమాట తగిలి తర్వాతి మాట తొలి హల్లు మెత్తబడుతుంది. అక్కడ మీట మాట చివర ఉంటుంది. నామవాచకాలకు 20కి పైగా వర్గాలు. వర్గ ప్రత్యయమే తొలి హల్లు ఏ మెట్టున ఉండాలో తేలుస్తుంది. మెట్లు మూడు: వ–బ–మ్బ, ర–ద–న్ద, య–జ–న్జ. వ, య లకు గ–ఙ్గ దారి కూడా ఉంది. ఫ, స, హ లకు ప, చ, క మాత్రమే.

"బహువచనమైతే ప పోయి ఫ వస్తుంది" అని బట్టీ పట్టొద్దు. ఆడమనిషి దెబ్బొ, ఆడవాళ్లు రెవ్బె; కుక్క రవాందు, కుక్కలు దవాది. ద, ర ఎదురుబొదురుగా తిరిగాయి చూడు. -ఒ, -ది ఉంటే ద. -బె, -ందు ఉంటే ర.

క్రియల్లో మూడో మెట్టు కనిపిస్తుంది: ఒ వరి (వచ్చాడు), బె ఙ్గరి (వచ్చారు).

పలమనేరు దాటితే పాలు హాలు అవుతుందే, దాన్ని ఇందులో కలపొద్దు. అది కన్నడంలో ఒకసారి మారి నిలిచిపోయిన మార్పు.

పుంగనూరు పాఠకుడు:
వెతకడం గురించి. ధాతువు వరసలో కూర్చిన నిఘంటువైతే మాటను మొదటి మెట్టుకు దించాలి. బ, ద, చ, క లు తేలికే: వ, ర, స, హ. చిక్కు గ తోనే. దాని వెనక అ, ఒ, ఉ ఉంటే వ కింద చూడు, ఇ, ఎ ఉంటే య కింద. గురె అందుకే వురొ దగ్గర దొరుకుతుంది, గితె (కళ్లు) యితెరె దగ్గర. తిరుగుదారి ఇంత సాఫీగా ఉండదు: వురొ గురె అయింది కానీ వాందు (కోతి) బాది అవుతుంది. అందుకే రెండు రూపాలూ జంటగా నేర్చుకోవాలి.

చంద్రగిరి వ్యాకరణం:
ఇంకొకటి. మన లిపిలో రాసుకుంటే బ లు రెండూ ఒకటైపోతాయి. ఫుల్బెలోని బ, దవాది చివరి ద, సింధీలో లాగా గాలి లోపలికి పీల్చి పలికేవి. అలాంటివి మాట మొదట్లో ఉంటే మారవు. మ, న, ల, త కూడా అంతే. కింద గీత పెట్టి వేరుచేసుకో, లేకపోతే మారని బ ని కూడా వ కింద వెతుకుతూ కూర్చుంటావు.

తిరుచానూరు విద్యార్థి:
అయితే చబ్బి (కర్రలు) స కిందేనా?

పుంగనూరు పాఠకుడు:
అవును, సవ్రు. లోపలి వ బ్బ అయింది మాత్రం ప్రత్యయం తగిలిన చోట జరిగే సంధి, తొలి హల్లు మెట్లతో దానికి పనిలేదు.