మా నాన్న ‘ఏడ్చారు’ అని రాయకూడదా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక క్రియాపదం గురించి మీ అభిప్రాయం కావాలి. శుక్రవారంలోపు ప్రింటుకి ఇచ్చేయాలి కాబట్టి కొంచెం తొందరగా చెప్పండి.

ఈ నెలాఖరున గుంటూరులో మా నాన్నగారి సంవత్సరీకం. ఆయన గురించి పదహారు పేజీల చిన్న పుస్తకం వేసి వచ్చినవాళ్లకి ఇద్దామనుకున్నాం. రాసింది నేను. బ్రాడీపేటలో డీటీపీ చేయించి ప్రూఫు అన్నయ్యకి పంపిస్తే అంతా బాగుందన్నాడు, ఒక్కచోట మాత్రం ఎర్రసిరాతో దిద్దాడు. నేను రాసిన వాక్యం ఇది: “దివిసీమ నుంచి తిరిగొచ్చిన రోజు నాన్న మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చారు.” అన్నయ్య ‘ఏడ్చారు’ కొట్టేసి ‘కంటతడి పెట్టారు’ అని రాశాడు. ఎందుకని అడిగితే, “బాగుండదురా, మగమనిషి, అందులోనూ పెద్దాయన, చదివినవాళ్లు ఏమనుకుంటారు” అన్నాడు.

కానీ ఆ రోజు నాన్న కంటతడి పెట్టలేదు, ఏడ్చారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు, నేను పక్కనే ఉన్నాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. నాన్న కరెంటు లైన్‌మన్. పడిపోయిన స్తంభాలు నిలబెట్టడానికి అవనిగడ్డ వైపు పంపిన వాళ్లలో ఆయనా ఉన్నారు. స్తంభాల పనికని వెళ్లినవాళ్లు మొదటి మూడు నాలుగు రోజులు స్తంభం జోలికే పోలేదట, శవాలు మోశారట. పదివేల మంది దాకా పోయిన ఉప్పెన అది. పన్నెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చుని, వీధి వీధంతా చూస్తుండగా చిన్నపిల్లాడు ఏడ్చినట్టు పెద్దగా ఏడ్చారు. ఎదురింటి తాతగారు వచ్చి “ఏందయ్యా ఇది, మగాడివి వీధిలో ఇట్టా ఏడిస్తే ఎట్టా” అన్నారు. మా నాయనమ్మ “ఏడవనీండి” అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు, మంచినీళ్ల చెంబు పక్కన పెట్టి తనూ అక్కడే కూర్చుంది.

ఇప్పుడు నేను ‘కంటతడి’ అని వేస్తే అది అబద్ధం అవుతుందని నా బాధ. మీరేమంటారు?

—

తెనాలి నుంచి రిటైర్డ్ తెలుగు మాస్టారు:

మీ అన్నగారిది తప్పు కాదు నాయనా. పెద్దల విషయంలో ‘కంటతడి పెట్టారు’ అనడం మర్యాద. ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు’ అన్న సామెత మన జనం నాలుక మీద ఎంతగా పాతుకుపోయిందో మీకు తెలుసు. ‘ఏడ్చారు’ అని చూడగానే పాఠకుడికి ముందు అదే గుర్తుకొస్తుంది. అయితే వాల్మీకి రాముడు కూడా సీత కోసం చెట్టునీ పుట్టనీ అడుగుతూ ఏడ్చినవాడే, చిత్రకూటంలో తండ్రి మరణవార్త విని ఏడ్చినవాడే. నిర్ణయం మీదే.

—

విజయవాడ నుంచి, పత్రికలో పనిచేసే ఒకరు:

డెస్కులో మేం వాడే మాటలు చెబుతాను. నాయకుడైతే ‘కన్నీటి పర్యంతమయ్యారు’, ‘భావోద్వేగానికి లోనయ్యారు’. చనిపోయినవాళ్ల తల్లో భార్యో అయితే ‘బోరున విలపించారు’. పిల్లలైతే ‘గుక్కపట్టి ఏడ్చారు’. ఇలా రాయమని ఎవరూ చెప్పలేదు, చేతికి అలవాటైపోయింది, మీ పోస్టు చదివేదాకా నేనూ గమనించలేదు.

—

నా జవాబు:

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. పత్రిక మిత్రులు రాసింది చదివాక రాత్రి చాలాసేపు కాగితం మీద ఆ మాటలే రాసుకుంటూ కూర్చున్నాను. ఇదిగో చూడండి. ‘పర్యంతం’ అంటే దాకా, అంచు వరకు. కన్నీటి పర్యంతం అయ్యాడంటే కన్నీళ్ల దాకా వచ్చాడు అని. దాటాడా లేదా అన్నది మాట చెప్పదు. తర్వాత, ‘కళ్లు చెమర్చాయి’. చెమర్చింది కళ్లు, ఆయన కాదు. ‘గొంతు బొంగురుపోయింది’, పోయింది గొంతు. ‘కన్నీళ్లు ఆగలేదు’, ఆగనిది కన్నీళ్లు. మగవాడి ఏడుపు చెప్పే వాక్యాల్లో ఎక్కువభాగం కర్త కన్నో గొంతో నీళ్లో అవుతుంది, మనిషి మాత్రం పక్కకి తప్పుకుంటాడు. ఆయన చేశాడు అని చెప్పే క్రియలు ‘దిగమింగాడు’, ‘గుడ్లనీరు కుక్కుకున్నాడు’ లాంటివి, అంటే ఏడవకుండా ఆపుకున్నవి! ఆపుకోవడానికి మగవాడు కర్త, ఏడవడానికి మాత్రం కాదు. ‘కంటతడి పెట్టారు’ ఒక్కటే కొంచెం నయం, కానీ అందులోనూ తడి ఎంతో కొలిచి పెట్టినట్టుంటుంది.

ఇంకో సంగతి. అసలు ‘ఏడుచు’ అనే క్రియనే మనం తిట్టు చేసుకున్నాం. “ఏడిశావులే”, “వాడి మొహం, ఏడిశాడు”, “తిని ఏడు”, “ఆ చెప్పేదేదో చెప్పి ఏడు”, “నీ ఏడుపేదో నువ్వు ఏడు”. పనికిమాలినవాడు అనాలన్నా, విసుగు చూపించాలన్నా ఈ మాటే. ఇక ఏడుపు అంటే అసూయ కూడా. మా అన్నయ్యకి ‘ఏడ్చారు’ అన్న మాట చూడగానే ఈ తిట్లన్నీ వినిపించి ఉంటాయి. అది అన్నయ్య తప్పు కాదు, మాటని అంత నలగ్గొట్టింది మనమందరం.

—

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒకరు:

అన్నా, అసూయ అన్నారు కదా, మా షెడ్డుకొచ్చే లారీల్లో ఎన్నిటి వెనకో ‘నన్ను చూసి ఏడవకురా’ అని ఉంటుంది. రాయించమని ఓనర్లే అడుగుతారు. మొన్న ఒక డ్రైవరు మాత్రం వద్దన్నాడు. కొడుకు పోయి మూడు నెలలైందంట, బండి దగ్గరికొచ్చినప్పుడల్లా ఆ మాట కనిపిస్తుంటే చూడలేకపోతున్నా, చెరిపేసి ఏదన్నా పువ్వు వెయ్యండి అన్నాడు. మా పెయింటరు చెరిపేసి తామరపువ్వు వేశాడు, డబ్బులు తీసుకోలేదు.

—

గుంటూరు నుంచి ఒక అక్క:

అందరూ సామెత రెండో సగం గురించే మాట్లాడుతున్నారు, మొదటి సగం ఎవరికీ కనిపించలేదా? నవ్వితే ఆడదాన్ని నమ్మొద్దంట. చిన్నప్పుడు గట్టిగా నవ్వినందుకు నాకు ఇంట్లో పడిన దెబ్బలకి లెక్కలేదు. ఆ సామెతని మర్యాదకి కొలబద్ద చేసుకోకండి మాస్టారూ, దయచేసి.

ఇంకోటి. మగవాళ్లు నలుగురిలో ఏడవడానికి మన దగ్గర ఒక చోటు ఎప్పటినుంచో ఉంది, అప్పగింతలు. నా పెళ్లిలో అప్పగింతలప్పుడు మా నాన్న పెద్దగా ఏడ్చాడు, ఎవరూ వింతగా చూడలేదు. అదే మనిషి మా అమ్మ పోయినరోజు బయట షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లతో మిర్చి రేటు మాట్లాడాడు. లోపల మేమందరం శోకాలు పెడుతున్నాం. ఈయనకి బాధ లేదేంటి అని ఆ రోజు నాకు కోపం కూడా వచ్చింది. పదకొండు రోజులూ అయ్యాక ఒక రాత్రి గొడ్లచావిట్లో ఒక్కడే ఏడుస్తుంటే నేను చూశాను, నేను చూసినట్టు ఆయనకి తెలీదు. మీ నాన్నగారు అరుగు మీద ఏడ్చారంటే అదృష్టవంతులు తమ్ముడూ. మార్చకు.

—

నా జవాబు:

అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. సామెత మొదటి సగం విషయంలో మీరన్నది నిజం, నేను దాన్ని దాటుకుని వెళ్లిపోయాను, క్షమించండి.

చోటు అన్నారు కదా, ఇంకో చోటు నాకు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో హరిశ్చంద్ర నాటకం. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకమే, కాటిసీను రాగానే అందులో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు పాడేవారు. ఇద్దరూ మన గుంటూరు సీమ వాళ్లే. తెల్లవారుజామున మూడింటికి, పొద్దంతా పొలంలో అరకలు తోలిన మనుషులు కండువాలు కళ్లకి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే వన్స్‌మోర్ అని అరిచేవాళ్లు, అంటే ఇంకోసారి ఏడవడానికి వాళ్లే అడిగేవాళ్లు. పక్కవాడు చూస్తాడన్న బెరుకు ఉండేది కాదు, పక్కవాడూ ఏడుస్తున్నాడు కాబట్టి. అందుకే ‘మన మగవాళ్లు పూర్వం ఏడ్చేవాళ్లు కాదు, ఇప్పుడు మెత్తబడిపోయారు’ అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

—

ఒక కుర్రాడు, ఊరు చెప్పలేదు:

సర్, మా బ్యాచ్‌లో ఇది పెద్ద టాపిక్ కాదు. ఫేర్‌వెల్ రోజు అబ్బాయిలం అందరం ఏడ్చాం, వీడియోలో కూడా ఉంది. క్రికెటర్ సిరాజ్ వాళ్ల నాన్న ఆటో నడిపేవారు. 2020 నవంబరులో ఆయన పోయినా సిరాజ్ ఆస్ట్రేలియాలో టీమ్‌తోనే ఉండిపోయాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు ముందు జాతీయగీతం వస్తుంటే ఏడ్చాడు. మా హాస్టల్లో ఎవరూ నవ్వలేదు.

—

నా జవాబు:

బాబూ, మంచి మాట చెప్పావు. 1996 వరల్డ్‌కప్ సెమీఫైనల్లో ఈడెన్ గార్డెన్స్ నుంచి కాంబ్లీ ఏడుస్తూ బయటికి వస్తుంటే నేను అరండల్‌పేటలో ఒక టీవీ షాపు ముందు జనంలో నిలబడి చూశాను. “ఆడపిల్లలా ఏడుస్తాడేందిరా” అని ఒకడంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, వాళ్లతోపాటు నేనూ నవ్వాను. ఇరవై ఏడేళ్లవాణ్ణి, అరుగు మీద నాన్నని చూసినవాణ్ణి, అయినా నవ్వాను. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి నాన్నని విజయవాడ తీసుకెళ్లాను. నాయనమ్మకి పిండప్రదానం చేస్తుంటే ఆయన మళ్లీ ఏడ్చారు, ఈసారి మెల్లగా. మా వరసలో కూర్చున్న వాళ్లలో నలుగురైదుగురు మగవాళ్లు ఏడుస్తున్నారు. పంతులుగారు మంత్రం ఆపి, ఆయన సర్దుకున్నాక మళ్లీ మొదలుపెట్టారు. పోయిన ఏడాది గన్నవరం ఎయిర్‌పోర్టులో మా అబ్బాయిని పంపించేటప్పుడు గేటు దగ్గర నా పరిస్థితీ అదే. మా అబ్బాయి “ఏడవకు నాన్నా” అనలేదు, భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. వెనక లైను ఆగిపోయింది, ఎవరూ తొందరపెట్టలేదు.

—

తెనాలి మాస్టారు మళ్లీ:

అమ్మాయి అన్నది సబబు. సామెత ఉదహరించింది భాష కోసమే గాని సమర్థించడానికి కాదు, అయినా ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది. నేను క్లాసులో ఎంతమంది మగపిల్లల్ని “ఏడుపు ఆపు, మగాడివి కావూ” అన్నానో తలుచుకుంటే ఇప్పుడు కష్టంగా ఉంది. వ్యాకరణం మాటకొస్తే ‘ఏడ్చారు’లోనే బహువచనపు గౌరవం ఉంది. అంతకు మించి మర్యాద చేర్చాల్సిన పనిలేదు. ఉంచేయండి.

—

నా చివరి జవాబు:

అందరికీ దండాలు. ఈ థ్రెడ్ మొత్తం అన్నయ్యకి పంపించాను. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ముందు కాసేపు షామియానా వాళ్ల గురించి, వంటవాళ్ల గురించి మాట్లాడాడు. తర్వాత, “ఆ రోజు నేను కూడా ఉన్నానురా, తలుపు వెనక. నాకు పన్నెండేళ్లు. బయటికి రావాలంటే సిగ్గేసింది. నాన్నని అట్టా చూడకూడదనుకున్నా” అన్నాడు. నాకు ఆ సంగతి తెలీదు. నలభై ఏడేళ్లకి పైగా తెలీదు.

‘ఏడ్చారు’ అనే ఉంచమన్నాడు. ఆ వాక్యం తర్వాత నాయనమ్మ అన్న మాట కూడా వేయమన్నాడు, మంచినీళ్ల చెంబు సంగతితో సహా. దానికోసం పదకొండో పేజీలో నాలుగు లైన్లు పెరుగుతున్నాయి, అక్కడున్న ఫొటో కొంచెం చిన్నది చేయించాలి. పొద్దున్నే బ్రాడీపేట వెళ్తున్నాను.