అప్‌డేట్: బ్రౌనీ పోయాక కుక్కల కేంద్రంలో సేవకు వెళ్లవచ్చా అని అడిగాను

పదమూడేళ్లు మా ఇంట్లో పెరిగిన బ్రౌనీ మూత్రపిండాలు చెడి చనిపోయిన నెలకే, వీధికుక్కల సంరక్షణ కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేస్తే దుఃఖం తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా అని మిమ్మల్ని అడిగాను. తొందరపడి మరో కుక్కను తెచ్చుకోవద్దనీ, ముందు వారానికి ఒక్క పూట వెళ్లి చూడమనీ మీలో చాలామంది చెప్పారు.

రేబిస్ ముందస్తు టీకాలు వేయించుకుని, మూడు నెలలుగా ప్రతి ఆదివారం హైదరాబాదు శివార్లలోని ఒక కేంద్రానికి వెళ్తున్నాను. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి చెప్పుల వెంట కూడా వ్యాపిస్తుంది కనుక, కుక్కపిల్లల గదిలోకి వెళ్లే ముందు బూట్లను బ్లీచింగ్ నీళ్లలో తడపాలి. సంతాన నియంత్రణ శస్త్రచికిత్స అయిన కుక్కలకు అన్నం పెట్టడం నా పని. వీధికుక్కల సంతాన నియంత్రణపై కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2023 నాటి నియమాల ప్రకారం, గుర్తుగా చెవి అంచు కత్తిరించిన ఆ కుక్కలను పట్టుకున్న చోటే తిరిగి వదలాలి.

మొన్న ఒక ముసలి కుక్క గిన్నె ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. పెరుగన్నం వేలితో దాని మూతికి రాస్తే, ముందు మూతిని, తరువాత నా వేలిని నాకి, మెల్లగా లేచి గిన్నె ఖాళీ చేసింది. చివరి వారంలో బ్రౌనీ ఇలాంటి ముద్దనే వదిలేసింది. ఆ సాయంత్రం బండి పక్కన నిలబడి చాలాసేపు ఏడ్చాను, అయినా తరువాతి ఆదివారం మానలేదు. బ్రౌనీ దుప్పటిని ఆ ముసలి కుక్కకే ఇచ్చాను. గొలుసు మాత్రం ఇంకా మా తలుపు వెనుకే ఉంది.